వరద చూసిన ఎల్పీ: ఒక ఇండీ రాక్ రికార్డును కడిగి, విని, కంప్యూటర్‌లోకి ఎక్కించి దాచుకునే పద్ధతి

మా ఇంట్లో ఘంటసాల, సుశీల, బాలమురళీకృష్ణ రికార్డుల మధ్య దారితప్పి వచ్చిన చుట్టంలాంటి ఎల్పీ ఒకటి ఉంది. ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేసిన మా చిన్నాన్న 1981లో శిక్షణ కోసం మాంచెస్టర్ వెళ్లి, తిరుగు ప్రయాణంలో దాన్ని బట్టల మధ్య పెట్టుకొచ్చాడు. ఎందుకు కొన్నావని అడిగితే, వానకు తడవకుండా ఓ దుకాణంలో దూరానని, ఏమీ కొనకుండా అరగంట నిలబడటానికి మొహం చెల్లలేదని చెప్పేవాడు. అట్ట ముందు వైపు బృందం పేరు లేదు, ఆల్బమ్ పేరు లేదు. నల్లని నేల మీద తెల్లటి వంకర గీతలు, అంతే. అవి నల్లమల కొండల వరుసలని చాలాకాలం నమ్మాను.

అది మాంచెస్టర్ రాక్ బృందం జాయ్ డివిజన్ తొలి ఆల్బమ్ ‘అన్‌నోన్ ప్లెజర్స్’. 1979 ఏప్రిల్‌లో మాంచెస్టర్ పక్కనే ఉన్న స్టాక్‌పోర్ట్‌లో, స్ట్రాబెర్రీ స్టూడియోలో రికార్డు చేశారు. జూన్‌లో ఫ్యాక్టరీ రికార్డ్స్ విడుదల చేసింది. పేరు ఫ్యాక్టరీయే గానీ, 1978లో టోనీ విల్సన్, అలన్ ఎరాస్మస్ మొదలుపెట్టిన చిన్న సంస్థ అది. పెద్ద కంపెనీల గొడుగు కింద చేరని ఇలాంటి సంస్థల సంగీతాన్నే ఇండిపెండెంట్ అనేవారు, ఆ మాటే కురచై ఇండీ అయింది. ఇక ఆ గీతలు కొండలూ కావు, అలలూ కావు. 1967లో కేంబ్రిడ్జ్‌లో జోసెలిన్ బెల్ కనిపెట్టిన తొలి పల్సార్ (లయ తప్పకుండా రేడియో సంకేతాలు పంపే నక్షత్రం) నుంచి వచ్చిన రేడియో సంకేతాలను ఒకదాని కింద ఒకటి గీసిన చిత్రం. ఖగోళ శాస్త్ర పుస్తకంలో తెల్ల కాగితం మీద నల్ల గీతలుగా ఉన్నదాన్ని అట్ట రూపకర్త పీటర్ సావిల్ తిరగేసి నలుపు మీద తెలుపు చేశాడు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాత నగరంలోకి వచ్చినప్పుడు మా ఇంటి కింది అంతస్తు మునిగింది. నాలుగో రోజు తలుపు తీసి చూస్తే బీరువా కింది అర మొత్తం బురద ముద్ద. ఈ ఎల్పీ అట్ట తడిసిన అప్పడంలా చేతికి వచ్చింది. రికార్డు మాత్రం ఇప్పటికీ పాడుతోంది. అప్పుడు చేసిన తప్పులు, తర్వాత నేర్చుకున్న పద్ధతులు కలిపి రాస్తున్నాను. మీ దగ్గరున్నది ఏ ఇండీ ఆల్బమ్ అయినా, మీ వీధికి నది రాకపోయినా, పని వరుస ఇదే.

1. ముందు కాగితం, పెన్ను

రికార్డు కడగడం, టర్న్‌టేబుల్ కొనడం తర్వాతి సంగతి. మొదట రికార్డు మీద, అట్ట మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ రాసుకోండి. సినిమా పాట వివరాలు పోతే పాటల పుస్తకాల్లోనో, ఓ అభిమాని జ్ఞాపకంలోనో దొరుకుతాయి. కొన్ని వందల ప్రతులు మాత్రమే అచ్చయిన ఇండీ రికార్డుకు ఆ భరోసా లేదు. గిటారు ఎవరు వాయించారు, ఎక్కడ రికార్డు చేశారు అన్నది చాలాసార్లు ఆ అట్ట మీద తప్ప ఇంకెక్కడా ఉండదు. అట్ట పోతే ఆ వివరమూ పోతుంది.

అట్ట వీపున ఉండే సంస్థ సంఖ్య రాసుకోండి. నా రికార్డుకు అది ‘ఫ్యాక్ట్ 10’. లేబుల్ మీది పాటల పేర్లు, ఎక్కడ అచ్చయిందన్న మాట, ముద్రించిన సంవత్సరం ఎత్తి రాయండి. తర్వాత రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టుకోండి. పాటల గాడి ముగిసిన చోటికీ లేబుల్‌కీ మధ్య నున్నటి వలయం ఒకటి కనిపిస్తుంది. దాని మీద గీకిన అంకెలు, అక్షరాలు ఉంటాయి. మూలపు ప్లేటు ఏది, ఎన్నోసారి కోసినది అన్న ఆచూకీ అక్కడే ఉంటుంది. ఆ ప్లేటులో గాడి కోసిన ఇంజినీరు తన పేరో, ఓ చిలిపి మాటో చెక్కిన సందర్భాలూ ఉన్నాయి. రెండు వైపులా చూసి, చుక్కలు, గీతలతో సహా ఉన్నదున్నట్టు రాసుకోండి. రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైటు జాబితాలో మీ రికార్డు ఏ ముద్రణో పోల్చుకోవడానికి అట్ట బొమ్మ కంటే ఈ గీతలే నమ్మదగినవి. ఒకే అట్టతో పది ముద్రణలు వచ్చి ఉండవచ్చు.

ఇక్కడ ఓ విశేషం. ఎల్పీ లేబుల్‌ను జిగురుతో అంటించరు. రికార్డును నొక్కేటప్పుడే ఆ వేడికి, ఒత్తిడికి కాగితం ప్లాస్టిక్‌తో కలిసిపోతుంది. అందుకే అట్ట కరిగిపోయినా నా రికార్డు లేబుల్ మరకలతో సహా మిగిలింది. ఏ, బీ అని ఉండాల్సిన చోట ఒక వైపు ‘అవుట్‌సైడ్’, రెండో వైపు ‘ఇన్‌సైడ్’ అని చదవగలిగాను. అట్ట పోయాక, రికార్డు ఏదో చెప్పింది ఆ రెండు మాటలే.

చివరగా మీ ఇంటి కథ రాయండి. ఎవరు కొన్నారు, ఎక్కడ, ఎంతకు, ఇంటికి ఎలా చేరింది. చిన్నాన్న ఇప్పుడు లేడు. ఆ వాన సంగతి రాసిపెట్టి ఉండకపోతే నాతోనే పోయేది.

2. కడగడం

వేలిముద్రలు, మామూలు దుమ్ము మాత్రమే ఉంటే సగం పని మెత్తటి పొడి బ్రష్షుతోనే అయిపోతుంది. వరద బురద వేరు. ఎండిన బురదను గుడ్డతో రుద్దారంటే గరుకు కాగితంతో రుద్దినట్టే. తడి బురదే నయం. అందుకే ఎండనివ్వకుండా, ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా పారే నీళ్ల కింద పెట్టి, చెయ్యి తగలకుండా బురదను కడిగేయాలి. లోపలి కాగితపు కవరు రికార్డుకు అంటుకుపోయి ఉంటే లాగొద్దు. మళ్లీ బాగా తడిపి, నాననిచ్చి, తనంతట తాను వదిలినప్పుడు తీయండి. తొందరపడి పొడిగా లాగేస్తే కాగితం పీచు గాడిలో ఉండిపోతుంది.

ఈ మొదటి కడుగుకు ఏ నీళ్లైనా సరే. చివరి కడుగుకు మాత్రం కర్నూలు బోరు నీళ్లు పనికిరావు. సున్నపురాతి నేల కదా, ఇంట్లో కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం అందరూ చూసిందే. అదే పొర గాడిలో కడితే సూది ప్రతి చుట్టుకూ చిటపటలాడుతుంది. బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ నీళ్లు తెచ్చుకోండి. అడిగేటప్పుడు నీళ్లని స్పష్టంగా చెప్పండి, అదే బల్ల మీద ఆసిడ్ డబ్బా కూడా ఉంటుంది. ఒక రికార్డుకు అర లీటరు చాలు.

పావు లీటరు డిస్టిల్డ్ నీళ్లలో వాసన, రంగు లేని గిన్నెల సబ్బు ద్రవం రెండే రెండు చుక్కలు కలపండి. లేబుల్ తడవకుండా రెండు వైపులా మూతలు పెట్టాలి. లేబుల్ వ్యాసం 10 సెంటీమీటర్లు, మా ఆవకాయ జాడీ మూతలు సరిగ్గా కప్పాయి (కడిగి, ఆరబెట్టినవి, నూనె జాడ లేనివి సుమా). మైక్రోఫైబర్ గుడ్డను ఆ నీళ్లలో ముంచి గాడి తిరిగే దిశలోనే వలయంగా తుడవండి. అడ్డంగా ఒక్క గీత కూడా వద్దు. తర్వాత సబ్బు లేని డిస్టిల్డ్ నీళ్లతో రెండుసార్లు కడగండి. సబ్బు మిగిలితే అదే కొత్త మురికి.

మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా కలిపితే జిడ్డు తేలిగ్గా వదులుతుంది. కానీ తాతల నాటి 78 వేగపు రికార్డులకు ఆ చుక్క కూడా తగలకూడదు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌లో లక్క కరిగిపోతుంది. రెండు రకాలూ ఒకే బీరువాలో ఉండే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి కాబట్టి మరీ మరీ చెబుతున్నాను.

ఆరబెట్టడంలో నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. వరద తర్వాత పరుపులు, పుస్తకాలు, బియ్యం అన్నీ మిద్దె మీద ఎండబెట్టాం. వాటి పక్కనే రికార్డులూ పెట్టాను. అక్టోబరు ఎండే కదా అనుకున్నాను. నల్లటి ప్లాస్టిక్ ఎండను ఎంత ఆబగా పీల్చుకుంటుందో గంటన్నరలో తెలిసింది. జాయ్ డివిజన్ అంచు పెనం మీద దోసెలా లేచింది. నీడలో, వంటింటి పళ్లేల స్టాండులో నిలబెట్టి ఆరబెట్టాలి. పైన ఫ్యాను తిప్పొద్దు, ఆరేలోపు గదిలోని దుమ్మంతా తెచ్చి రికార్డుకే పూస్తుంది.

వంగిన రికార్డును ఓవెన్‌లో పెట్టి చదును చేస్తామనే సలహాలు వింటుంటాను. వినడం వరకే. నేను శుభ్రంగా కడిగిన రికార్డును రెండు వైపులా తెల్ల కాగితం వేసి, రెండు నున్నటి బేతంచెర్ల నాపరాళ్ల మధ్య ఆరు వారాలు ఉంచాను. వంపు సగం తగ్గింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది, సూది దాన్ని ఎక్కి దిగుతుంది, పాట తప్పదు. అంతకంటే ఆశించలేదు.

3. ఎక్కడ పెట్టాలి

కింది అరలో వద్దు. కారణం చెప్పక్కర్లేదు. అలాగని అటక మీద, పై అంతస్తు స్లాబు కింద కూడా వద్దు. 40 డిగ్రీలు దాటే మన ఏప్రిల్, మే నెలల్లో ఆ స్లాబు రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతూ ఉంటుంది. పడమటి గోడకు ఆనించొద్దు. నడుమ గది, లోపలి గోడ, నడుము ఎత్తున అర, ఇదే సరైన చోటు. రికార్డులు ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, పక్కకు వాలకుండా. ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగున ఉన్నవి ఆ బరువుకు, ఎండాకాలపు వేడికి కలిపి వంగుతాయి.

మెత్తని పీవీసీ కవర్లు చవకగా దొరుకుతాయి, కొనొద్దు. వేడికి అవి రికార్డుకు అతుక్కుని, తుడిచినా పోని మబ్బు మచ్చ వదులుతాయి. పాలిథీన్ లోపలి కవర్లు తీసుకోండి. నాఫ్తలీన్ ఉండలు వేస్తే అట్టకు పట్టిన వాసన ఏళ్ల తరబడి వదలదు. కాగితం తినే వెండిరంగు పురుగుల బెడద ఉంటే అరను నెలకోసారి ఖాళీ చేసి తుడవడమే మందు.

4. టర్న్‌టేబుల్ సరిచేయడం

సూట్‌కేసు ఆకారంలో వచ్చే చవక ప్లేయర్లు చూడముచ్చటగా ఉంటాయి. వాటిలో చాలావాటి సూది బరువు సవరించే వీలుండదు, మంచి కాట్రిడ్జ్‌కు (సూదిని పట్టుకుని ఉండే చిన్న భాగం) కావలసినదానికి రెండింతలకు మించి గాడిని నొక్కుతుంది. అరుదైన రికార్డును దాని కింద పెట్టకండి. సూది బరువు సవరించగల టర్న్‌టేబుల్, పాతదైనా సరే, ఎంచుకోండి.

టర్న్‌టేబుల్ కింద రెండు అంగుళాల మందం నాపరాయి పలక వేయండి. పక్క గదిలో రోకలి దంచినా, వీధిలో ట్రాక్టర్ వెళ్లినా ఆ అదురు సూదికి అంతగా చేరదు. మన జిల్లాల్లో చేతికి అందేంత దగ్గరగా దొరికే రాయి ఇది. దాని మీద మేస్త్రీ వాడే రసమట్టం పెట్టి, రెండు దిశల్లోనూ మట్టం చూడండి.

సూది బరువుకు చిన్న ఎలక్ట్రానిక్ తూకం కావాలి, గ్రాములో వందో వంతు చూపేది. కాట్రిడ్జ్ తయారీదారు చెప్పిన అంకె దగ్గర పెట్టండి. ఉదాహరణకు ఆడియో టెక్నికా వీఎం95ఈకి 2 గ్రాములు. తేలిగ్గా ఉంటే రికార్డు అరగదని మరీ తగ్గించేవారున్నారు. తేలికైన సూది గాడిలో కుదురుగా ఉండదు, గోడలకు కొట్టుకుంటూ పోతుంది. దానివల్లే నష్టం ఎక్కువ.

వేగం సరిచూడటానికి యంత్రమేమీ అక్కర్లేదు. నిమిషానికి 33⅓ చుట్లంటే 3 నిమిషాలకు సరిగ్గా 100. పళ్లెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి, ఫోనులో గడియారం పెట్టుకుని లెక్కపెట్టండి. 99 వచ్చినా 101 వచ్చినా శ్రుతి అటూ ఇటూ జరిగిందన్నమాట. బెల్టు సాగి ఉంటుంది, లేదా వేగం సర్దే మర చూడాలి.

గుంయ్ మని కరెంటు మోత వినిపిస్తే ముందు టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నటి గ్రౌండ్ తీగను ఫోనో ప్రీయాంప్‌కు బిగించారో లేదో చూడండి. ప్రీయాంప్ లేకుండా నేరుగా కంప్యూటర్‌కు కలిపితే ధ్వని పలచగా, కీచుగా ఉంటుంది. రికార్డు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి కోస్తారు. ఆర్‌ఐఏఏ అనే ఆ లెక్కను తిరగేసి ధ్వనిని మామూలు స్థితికి తెచ్చేది ప్రీయాంపే.

ఇక అసలు పరీక్ష. రికార్డు వేగం అంతటా ఒకటే అయినా, సూది కింద గాడి పరుగెత్తే వేగం ఒకటి కాదు. బయటి అంచున సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు, లేబుల్ దగ్గర 20 పైచిలుకు మాత్రమే. అదే పాట సగం కంటే తక్కువ చోటులో ఇమడాలి. కాబట్టి కాట్రిడ్జ్ కొంచెం వంకరగా బిగించినా మొదటి పాటలో తెలియదు, ప్రతి వైపూ చివరి పాటలో గొంతు చిట్లుతుంది. సరిచేసిన ప్రతిసారీ చివరి పాటే విని చూడండి.

5. ఒకసారి ఊరికే వినండి

రికార్డు చేసే తొందరలో చాలామంది ఈ పని వదిలేస్తారు. ఏమీ చేయకుండా రెండు వైపులా ఒకసారి వినండి. చేతిలో కాగితం ఉంచుకుని, ఎక్కడ చిటపట ఉంది, ఎక్కడ సూది గెంతింది, గట్టిగా వినిపించే చోటు ఏది, రాసుకోండి. ఆ గట్టి చోటుతో తర్వాత పని ఉంది.

6. కంప్యూటర్‌లోకి

కావలసినవి: లాప్‌టాప్, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (ధ్వనిని కంప్యూటర్‌కు అర్థమయ్యే అంకెలుగా మార్చే పెట్టె), ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్. లాప్‌టాప్‌ను చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి, మోత సగం అక్కడే పోతుంది. టర్న్‌టేబుల్‌కు కరెంటు తప్పదు కదా, మధ్యలో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకుంటే మాత్రం ఆ వైపు మళ్లీ మొదలుపెట్టండి. చవక ఇన్వర్టర్ల కరెంటుకు మోటారు గొణుగుతుంది. మా వీధిలో తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు నిలకడగా ఉంటుంది, కుక్కలు కూడా అలసి పడుకుంటాయి. నా రికార్డింగులన్నీ ఆ వేళవే.

శాంప్లింగ్ (ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలవాలన్నది) 96 కిలోహెర్ట్జ్, లోతు (ఒక్కో కొలత ఎంత సూక్ష్మంగా ఉండాలన్నది) 24 బిట్లు పెట్టుకోండి. దీనికి నిమిషానికి దాదాపు 35 మెగాబైట్లు అవుతుంది, 40 నిమిషాల ఆల్బమ్ 1.4 గిగాబైట్లు. నిజానికి ఎల్పీలో ఉన్న ధ్వనికి సీడీ లెక్క, అంటే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లే చాలు. మరి 24 ఎందుకంటే, ధ్వని స్థాయి కొంత తక్కువగా పెట్టినా నష్టం ఉండదు. 16 బిట్లలో అంచుదాకా నింపాలనే ఆత్రంలో ఒక్క డ్రమ్ము దెబ్బ కొలత దాటితే ఆ చోటు చిరిగిపోతుంది, దాన్ని ఎవరూ అతకలేరు. ఇందాక రాసుకున్న గట్టి చోటు వాయించి, కొలత అక్కడ మైనస్ 6 డెసిబెల్ దగ్గర ఆగేలా స్థాయి పెట్టండి. మళ్లీ ముట్టుకోవద్దు.

సూది దించడానికి పది సెకన్ల ముందే రికార్డింగు మొదలుపెట్టండి, సూది లేచాకే ఆపండి. ఒక వైపు మొత్తం ఒకే ఫైలు. దాన్ని ఫ్లాక్ రూపంలో దాచండి. పరిమాణం తగ్గుతుంది, ధ్వనిలో ఒక్క అణువు పోదు. ఈ ఫైలు మూలప్రతి. దీన్ని ఏ కారణం చేతా సవరించకూడదు. సవరణలన్నీ నకలు మీదే.

నకలులో మొదట 20 హెర్ట్జ్ కంటే తక్కువ ఉన్నదాన్ని కోసేయండి. వంగిన రికార్డు ప్రతి చుట్టుకూ సూదిని పైకీ కిందికీ ఊపుతుంది. అది చెవికి వినపడదు కానీ స్పీకరు గుండె కొట్టుకున్నట్టు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. నా రికార్డు దోసె అంచు కదా, ఈ ఫిల్టరు వేశాక స్పీకరు శాంతించింది.

చిటపటలు తీసే పనికి వచ్చేసరికి నాకు భయం పట్టుకుంది, దానికి కారణం మార్టిన్ హానెట్. ఈ ఆల్బమ్ నిర్మాత ఆయన. డ్రమ్ముల చప్పుళ్లను విడివిడిగా వాయింపజేసి రికార్డు చేశాడు, డిజిటల్ డిలే యంత్రాలతో ఒక్కో దెబ్బకు ఖాళీ గదుల ప్రతిధ్వని తగిలించాడు. అంతటితో ఆగలేదు. స్టూడియో లిఫ్టు శబ్దం, సీసా పగిలిన శబ్దం, ఎవరో చిప్స్ నములుతున్న శబ్దం కూడా పాటల్లో కలిపాడు. ఆడాసిటీకి చిప్స్ నమలడానికీ కర్నూలు దుమ్ముకీ తేడా ఎలా తెలుస్తుంది? నేను మొదటిసారి ఆల్బమ్ మొత్తానికి ఒకేసారి చిటపటల నివారణ వేశాను. శుభ్రమైన రికార్డింగు వచ్చింది, చివరి పాటలో గాజు పగిలే చోట అంచు మొద్దుబారి, దూరంగా ఎక్కడో స్టీలు గ్లాసు పడ్డట్టు వినిపించింది. ఆ నకలు చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను.

కాబట్టి నా పద్ధతి ఇది. మొత్తానికి ఏ మందూ వేయను. హెడ్‌ఫోన్‌తో వింటూ, పెద్ద టపటప వినిపించిన చోట మాత్రమే తరంగాన్ని పెద్దది చేసి చూసి, ఆ ఒక్క సూదిమొనను ఎంచుకుని మరమ్మతు చేస్తాను. దుమ్ము చప్పుడు తరంగంలో ఒంటరి ముల్లులా నిటారుగా ఉంటుంది. వాయిద్యపు చప్పుడుకు వెనక తోక ఉంటుంది. అనుమానం వస్తే ముట్టుకోను. రికార్డు ప్రతి చుట్టుకూ అదే చోట, అంటే 1.8 సెకన్లకోసారి అదే టపటప వస్తుంటే అది గీత, సంగీతం కాదు. ఒక వైపుకు రెండు సాయంత్రాలు పడుతుంది. హిస్సు (వెనక సన్నగా వినిపించే స్స్ మనే శబ్దం) తీసే సాధనం జోలికి అసలు వెళ్లను. పాటల వెనక గదిలో గాలి ఉన్నట్టు అనిపించేది దానివల్లే, అది పోతే గోడకు అతికించిన బొమ్మలా ఉంటుంది పాట.

తర్వాత పాటలుగా విడగొట్టండి. ఈ ఆల్బమ్‌లో పది, వైపుకు ఐదు. వాటితో పాటు వైపు మొత్తం ఒకటిగా ఉన్న నకలు కూడా ఉంచుకోండి. నేను వినేది ఎక్కువగా అదే, ఎందుకంటే రెండు పాటల మధ్య ఎంత నిశ్శబ్దం ఉండాలన్నది కూడా వాళ్లు ఆలోచించి పెట్టిందే.

మీ దగ్గర ఉన్నది బెంగళూరు బృందమేదో సొంత ఖర్చుతో వేసుకున్న సీడీ అయితే ఈ తంటా ఏమీ లేదు, కంప్యూటర్‌లో పెట్టి ఫ్లాక్‌గా దించుకోవడమే. రెండు జాగ్రత్తలు. సీడీకి బొమ్మ ఉన్న వైపే సున్నితం, ధ్వనిని మోసే పొర ఆ రంగు కిందే ఉంటుంది, దాని మీద బాల్ పెన్నుతో రాయకండి. కచేరీల దగ్గర అమ్మే, ఇంట్లో కాల్చిన సీడీలు రంగు రసాయనం మీద ఆధారపడినవి. వెలుతురుకు, వేడికి అవి వెలిసిపోతాయి. అలాంటివి ఉంటే ఎల్పీ కంటే ముందు వాటి పని చూడండి.

7. అట్ట బొమ్మ తీయడం

ఎల్పీ అట్ట ఒక వైపు 31.5 సెంటీమీటర్లు. జిరాక్స్ దుకాణంలో ఉండే ఏ4 స్కానరుకు సరిపోదు, ఏ3 స్కానరు వెడల్పు 29.7 కాబట్టి అక్కడా రెండు సెంటీమీటర్ల దగ్గర దెబ్బతింటారు. ఏ3 మీద రెండు ముక్కలుగా తీసి అతకవచ్చు. లేదా ఇంటి ప్లాన్లు స్కాన్ చేసే పెద్ద యంత్రం ఉన్న దుకాణం వెతకండి. అయితే రోలరులోంచి లాగే రకం కాదని చూసుకున్నాకే అట్ట చేతికివ్వండి. చిన్న అక్షరాలు చదవాలంటే 600 డీపీఐ. నల్లటి అట్టను ఫోనుతో తీసేటట్టయితే వరండా నీడలో, నల్లచొక్కా వేసుకుని తీయండి. లేకపోతే అట్టలో మీ తెల్ల బనీను కనిపిస్తుంది. వీపు, లోపలి కవరు, రెండు లేబుళ్లు, నున్నటి వలయం మీది గీతలు, అన్నీ తీయాలి.

నాకు తీయడానికి అట్ట మిగల్లేదు. తొలి ముద్రణ అట్ట నున్నగా ఉండదు, వేలికి గుడ్డలా గరుకుగా తగులుతుంది. ఆ సంగతి నాకు గుర్తుంది, ఏ స్కానరులోనూ అది రాదు. అది కూడా నోటుపుస్తకంలో రాసుకున్నాను.

8. పేర్లు, నకళ్లు, చట్టం

ఫైలు పేరులో బృందం, సంవత్సరం, ఆల్బమ్, వైపు, పాట సంఖ్య ఈ వరుసలో ఉంచండి. ఫైలుతో పాటే ఉండే వివరాల్లో, అంటే ట్యాగుల్లో, వ్యాఖ్య గడి ఒకటి ఉంటుంది. మొదటి మెట్టులో రాసుకున్న ఇంటి కథను యూనికోడ్ తెలుగులో అక్కడ పెట్టండి. పాత డీటీపీ ఫాంట్లలో రాస్తే ఇంకో కంప్యూటర్‌లో అది అర్థంకాని గజిబిజిగా కనిపిస్తుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. మన కాపీరైటు చట్టం ప్రకారం ధ్వనిముద్రణకు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. అంటే 1979 ఆల్బమ్‌కు 2039 చివరి దాకా. మీ సొంత వినికిడికి చేసుకున్న నకలు మీ దగ్గరే ఉంచుకోండి, ఎక్కడా ఎక్కించకండి, పంచకండి. ఇప్పటికీ పనిచేస్తున్న చిన్న బృందమైతే వాళ్ల దగ్గరే ఇంకో ప్రతి కొనండి, వాళ్లకు ఆ డబ్బు లెక్కలోకి వస్తుంది.

నకళ్లు మూడు ఉండాలి. రెండు వేర్వేరు డ్రైవుల్లో ఇంట్లో, వాటిలో ఒకటి పై అంతస్తులో. మూడోది వేరే ఊళ్లో. నా మూడోది అనంతపురంలో మా అక్క దగ్గర ఉంది. తుంగభద్ర అక్కడికి ఎగువ కాలువగా తప్ప రాదు, అదీ బతిమాలితేనే. ఫ్లాక్ ఫైలు లోపలే దాన్ని సరిచూసే సంకేతం ఒకటి ఉంటుంది, పరీక్ష పెడితే ఒక్క బిట్టు చెదిరినా చెబుతుంది. ఏటా ఒకసారి ఆ పరీక్ష చేయాలి. నేను అక్టోబరు 2న చేస్తాను, ఎలాగూ సెలవు. ఆ రోజు అక్క కూడా తన డ్రైవు తీసి లాప్‌టాప్‌కు తగిలించి నాకు ఫోను చేస్తుంది. మొన్న చేసినప్పుడు, డ్రైవును బియ్యం డబ్బాలో దాస్తున్నానని, తేమ లాగేస్తుందని ఎవరో చెప్పారని అంది. బియ్యపు పిండి డ్రైవు రంధ్రాల్లోకి పోతుందక్కా, వెంటనే తీసెయ్యి అన్నాను. మరుసటి రోజే సిలికా జెల్ పొట్లాలు ఆరు, గాలి చొరని డబ్బా ఒకటి అనంతపురం బస్సులో పంపాను.